కారెన్ స్పార్క్ జోన్స్: ఒక సూత్రం చాటున మరుగుపడిన కృషి

బ్రిటిష్ సమాచార శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ (1935–2007) పేరు వచ్చినప్పుడల్లా వినిపించే కథ ఒకటి స్థిరపడిపోయింది. 1972లో ఆమె ఒక చిన్న సూత్రం కనిపెట్టారనీ, గూగుల్ సహా నేటి సెర్చ్ ఇంజన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయనీ, అయినా లోకం ఆమెను మరిచిపోయిందనీ ఆ కథ చెబుతుంది. ఆమెకు న్యాయం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే ఇది ప్రచారంలోకి వచ్చింది. కానీ దీన్ని ఇలాగే ఒప్పుకుంటే ఆమె చేసిన పనిలో పెద్ద భాగం కనబడకుండా పోతుంది. సుమారు యాభై ఏళ్ల పరిశోధనా జీవితంలో ఆ సూత్రం ఒక మజిలీ మాత్రమే. దానికి ముందు పదేళ్లకు పైగా సాగిన వేరే ప్రయత్నం ఉంది. అది ఆశించినంతగా ఫలించలేదని స్వయంగా నిరూపించిన నిజాయితీ ఉంది. దాని తర్వాత, భాషతో పనిచేసే ఏ యంత్రాన్నైనా పరీక్షకు పెట్టి తీరాలన్న పట్టుదల ఉంది. సమాచార శోధనను శాస్త్రంగా నిలబెట్టింది ఆ పట్టుదలే.

యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో 1935 ఆగస్టు 26న ఆమె పుట్టారు. తండ్రి రసాయన శాస్త్ర అధ్యాపకుడు, తల్లి నార్వే దేశస్థురాలు. పేరులోని స్పార్క్ తల్లి ఇంటిపేరు. కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో 1953 నుంచి 1956 వరకు ఆమె చదివింది చరిత్ర. ఆపైన ఒక ఏడాది తత్త్వశాస్త్రం. కొద్దికాలం బడిలో పాఠాలు చెప్పి, 1950ల చివర్లో మార్గరెట్ మాస్టర్‌మన్ నడుపుతున్న కేంబ్రిడ్జి భాషా పరిశోధన విభాగంలో చేరారు. సూత్రం కథ చెప్పేవారు ఈ దశను ఒక్క వాక్యంలో దాటేస్తారు. అలా దాటేయడం వల్లే 1972 నాటి ఫలితం, లెక్కల్లో ఆరితేరిన వ్యక్తికి ఒకనాడు హఠాత్తుగా తట్టిన ఆలోచనలా కనిపిస్తుంది.

మాస్టర్‌మన్ తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్ శిష్యురాలు. పదం అర్థం ఆ పదాన్ని వాడే తీరులోనే తేలుతుందన్న దృష్టి ఆయన నుంచి ఆమెకు, ఆమె నుంచి ఆమె బృందానికి అందింది. యంత్రానువాదం మీద పనిచేసేవారిలో ఎక్కువమంది వాక్య నిర్మాణ నియమాల వెంట పడుతున్న రోజుల్లో ఈ చిన్న బృందం పర్యాయపద కోశాన్ని పట్టుకుంది. ఒక పదానికి ఉన్న అనేక అర్థాల్లో సందర్భానికి తగినది ఏదో, చుట్టుపక్కల పదాలు ఏ అర్థవర్గాలకు చెందుతాయో చూసి తేల్చవచ్చన్నది వారి పట్టు. మాస్టర్‌మన్, రోజర్ నీధమ్‌లతో కలిసి స్పార్క్ జోన్స్ 1958లో వాషింగ్టన్ సదస్సుకు సమర్పించిన పత్రం ఇంకో మెట్టు ఎక్కింది. ఒక భాషలోని మాటకు మరో భాషలో సాటి మాట వెతకడమూ, పాఠకుడి ప్రశ్నకు గ్రంథాలయంలో సరైన పుస్తకం వెతకడమూ ఒకే రకం సమస్యలని అది వాదించింది. అదే ఏడాది ఆమె నీధమ్‌ను పెళ్లి చేసుకున్నారు, ఇంటిపేరు మార్చుకోలేదు. 1964లో పూర్తయిన ఆమె డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం పర్యాయపదాల గురించే. ఒకదాని స్థానంలో మరొకటి నిలవగల పదాలను గుర్తించి, వాటి నుంచి అర్థవర్గాలను యంత్రమే కూర్చుకునే దారి అది వెతికింది. ఆ గ్రంథం అచ్చులోకి రావడానికి 1986 దాకా పట్టింది.

1960లలో ఆమె ఇదే ఆలోచనను శోధనకు వర్తింపజేశారు. పాఠకుడు ఒక మాటతో అడుగుతాడు, వ్యాసకర్త మరో మాట వాడి ఉంటాడు. కలిసి కనిపించే పదాలను యంత్రం గుంపులుగా కడితే ఈ ఎడం పూడుతుందని ఆశ. పరీక్షకు దొరికినది క్రాన్‌ఫీల్డ్ సంచిక. క్రాన్‌ఫీల్డ్‌లోని విమాన శాస్త్ర కళాశాల గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్డన్, విమాన శాస్త్ర పత్రాలనూ, వాటిపై ప్రశ్నలనూ, ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికొస్తుందన్న మనుషుల తీర్పులనూ ఒకచోట చేర్చి తయారు చేసినది అది. అందులోంచి తీసుకున్న 200 పత్రాల భాగం మీద ఆమె పద్ధతి ఫలితాలను మెరుగుపరిచింది. 1971లో పుస్తకం వచ్చింది. చాలామంది పరిశోధకులు అక్కడితో సంతృప్తి పడి ఉండేవారు. ఆమె వేరే పత్రాల సంచికలు రెండు తెచ్చి అదే పద్ధతిని వాటి మీదా నడిపి చూశారు. మెరుగుదల నిలవలేదు. ఆ సంగతిని ఆమె దాచలేదు, సాకులు వెతకలేదు. ఎందుకు నిలవలేదో తేల్చే వ్యాసాలు రాసి ప్రచురించారు.

సూత్రం పుట్టింది ఈ ప్రశ్నల నడుమే. పదాలను గుంపులు కట్టేటప్పుడు తరచుగా వచ్చే పదాలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయని ఆమె గమనించారు. అంటే పదాలను ఒకదానితో ఒకటి కలపడం కన్నా ముందు, ఏ పదానికి ఎంత బరువు ఇవ్వాలో తేల్చాలి. 1972లో ‘జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్’లో వచ్చిన వ్యాసం చెప్పినది అదే. ఒక పదం ఎంత నిర్దిష్టమైనదన్న విషయాన్ని అంతవరకు సూచికలు తయారుచేసేవారు అర్థానికి సంబంధించిన గుణంగా చూసేవారు. దాన్ని వాడకానికి సంబంధించిన గుణంగా, లెక్కపెట్టగలిగేదిగా చూడమన్నారు ఆమె.

‘వరి పంటలో అగ్గితెగులు నివారణ’ అని ఒక రైతు వ్యవసాయ వ్యాసాల్లో వెతికాడనుకుంటే విషయం తేటపడుతుంది. లక్ష వ్యాసాలుంటే ‘పంట’ అన్న మాట యాభై వేల వాటిలో ఉందనీ, ‘అగ్గితెగులు’ వంద వాటిలోనే ఉందనీ ఊహించవచ్చు. మొత్తం వ్యాసాల సంఖ్యను పదం ఉన్న వ్యాసాల సంఖ్యతో భాగించి, రెండు ఆధారంగా సంవర్గమానం తీస్తే ‘పంట’కు 1, ‘అగ్గితెగులు’కు దాదాపు 10 బరువు వస్తుంది. యంత్రానికి వరి అంటే ఏమిటో, తెగులంటే ఏమిటో తెలియనక్కరలేదు. రైతు అడిగినదానిలో ఏ మాట అసలైనదో ఆ లెక్క చెప్పేస్తుంది. క్రాన్‌ఫీల్డ్, ఇన్‌స్పెక్, కీన్ అనే మూడు సంచికల మీద పరీక్షించి, మూడింటిలోనూ మెరుగైన ఫలితం చూపించాకే ఆమె ఈ మాట చెప్పారు. ఒక్క సంచిక మీద గెలిచిన పద్ధతిని నమ్మకూడదన్న పాఠం అప్పటికే ఆమె సొంత అనుభవం నుంచి వచ్చింది.

ఈ సూత్రానికి శాస్త్రీయ పునాది లేదనీ, పని జరుగుతోంది కాబట్టి వాడుకునే చిట్కా మాత్రమేననీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే చిన్నచూపు కూడా నిలవదు. 1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి ఆమె రాసిన వ్యాసం పదాల బరువును సంభావ్యతా సిద్ధాంతంలోంచి రాబట్టింది. పనికొచ్చే పత్రాల్లో ఒక పదం కనిపించే అవకాశం, పనికిరాని పత్రాల్లో కనిపించే అవకాశం, ఈ రెంటి పోలిక నుంచే బరువు వస్తుంది. ఏవి పనికొస్తాయో ముందుగా ఏమీ తెలియనప్పుడు ఆ లెక్క 1972 నాటి సూత్రానికి చాలా దగ్గరగా వచ్చి ఆగుతుంది. లండన్‌లోని సిటీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్‌సన్ బృందం 1990లలో రూపొందించిన బీఎం25 అనే శోధన సూత్రం ఈ దారిలోనిదే. ఎవరైనా విప్పి చూడగల లూసీన్ అనే శోధన సాఫ్ట్‌వేర్ 2016 నుంచి బీఎం25నే తన డిఫాల్ట్ పద్ధతిగా పెట్టుకుంది.

గూగుల్ ప్రస్తావన సంగతి వేరు. ఆ సంస్థ తన లోపలి లెక్కలను బయటపెట్టదు. 1998లో దాని స్థాపకులు ప్రచురించిన వ్యాసంలో ప్రధానంగా కనిపించే కొత్తదనం పేజీల మధ్య లింకులను తూచడం. అది స్పార్క్ జోన్స్ ఆలోచన కాదు. పత్రంలో ఒక పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడం కూడా ఆమెది కాదు. 1950లలో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ దాన్ని ముందుకు తెచ్చారు. లూన్ లెక్కనూ, స్పార్క్ జోన్స్ ఇచ్చిన బరువునూ గుణించి వాడే అలవాటు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ సాల్టన్ బృందం ద్వారా వ్యాపించింది. ఇతరుల పనిని ఆమె ఖాతాలో వేస్తే ఆమె గౌరవం పెరగదు. పైగా ఒక కంపెనీ సంపాదించిన లాభాన్ని కొలబద్దగా పెట్టుకుంటే, ఆ కంపెనీ పుట్టకముందు నలభై ఏళ్ల పని అంతా దానికి ఉపోద్ఘాతంగా మిగిలిపోతుంది. శోధన అనే విద్య 1998లో పుట్టిందన్న అపోహకు ఆమె పొగడ్తలే ఊతమివ్వడం విచారకరం.

అసలు వారసత్వం మరోచోట ఉంది. 1970ల ప్రారంభంలో శోధన మీద పనిచేసే ప్రతి బృందానికీ ఒక చిన్న సంచిక ఉండేది. ఒకరిది కొన్ని వందల పత్రాలు, మరొకరిది వెయ్యి. క్లెవర్డన్ రెండో ప్రయోగానిదే 1,400 పత్రాలు. ఎవరి సంచిక మీద వారి పద్ధతే గెలిచేది. ఆ ఫలితాలను పోల్చడానికి వీలుండేది కాదు. అసలు కార్యాలయంలో, గ్రంథాలయంలో లక్షల పత్రాల మధ్య అవి నిలుస్తాయో లేదో చెప్పగలవారు లేరు. 1975లో కీత్ వాన్ రైస్‌బెర్గన్‌తో కలిసి స్పార్క్ జోన్స్ ఒక నివేదిక రాశారు. అందరూ పంచుకునే, పెద్దదైన, వైవిధ్యమున్న ఆదర్శ పరీక్షా సంచిక ఒకటి కావాలని అది కోరింది. ఎలా కట్టాలో కూడా చెప్పింది.

అందులో చిక్కుముడి ఒకటుంది. సంచిక పెద్దదైతే ప్రతి ప్రశ్నకూ ప్రతి పత్రాన్నీ చదివి తీర్పు చెప్పడం మనుషుల వల్ల కాదు. పది లక్షల పత్రాలు, యాభై ప్రశ్నలు అంటే అయిదు కోట్ల తీర్పులు. దీనికి ఆ నివేదికలో దొరికిన ఉపాయం సులువైనది: ఒకే ప్రశ్నకు వేర్వేరు పద్ధతులతో వెతికి, అవి తెచ్చిన పత్రాలను పోగుచేసి, ఆ పోగును మాత్రమే మనుషుల చేత చదివించాలి. పనికొచ్చే పత్రం ఏదో ఒక పద్ధతికి చిక్కుతుందన్నది దాని వెనక ఉన్న నమ్మకం. ఆ ఆదర్శ సంచికను బ్రిటన్ కట్టలేదు. పదిహేడేళ్ల తర్వాత, 1992లో, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డోనా హార్మన్ నాయకత్వాన ట్రెక్ అనే వార్షిక పరీక్ష మొదలైనప్పుడు ఆ పోగుచేసే పద్ధతే దానికి వెన్నెముక అయింది. తొలి సంచిక పరిమాణం దాదాపు 2 గిగాబైట్లు. అప్పటి పరిశోధకుల చేతిలో ఉన్నవాటితో పోలిస్తే అది కొండంత. చిన్న సంచికల మీద గెలిచిన పద్ధతుల్లో ఏవి నిలుస్తాయో, ఏవి నిలవవో మొదటిసారి అందరి ముందూ తేలింది.

ఈ పనిని సహాయక శ్రమగా, అసలు ఆవిష్కరణకు చుట్టూ జరిగే ఏర్పాటుగా చూసే అలవాటు శాస్త్ర చరిత్రల్లో బలంగా ఉంది. సూత్రం రాసినవారికి పేరు, కొలిచే పద్ధతి నిలబెట్టినవారికి పాదసూచిక. కానీ కొలత లేనిచోట సూత్రాలు వందలు పుట్టినా వాటిలో మంచిదేదో చెప్పే మార్గం ఉండదు. 1972 సూత్రం కూడా మూడు సంచికల పరీక్ష వల్లనే సూత్రం అయింది. స్పార్క్ జోన్స్ 1981లో శోధన ప్రయోగాల మీద సంకలన గ్రంథం తెచ్చారు. 1996లో జూలియా గాలియర్స్‌తో కలిసి భాషా సాంకేతిక వ్యవస్థల మూల్యాంకనం మీద పుస్తకం రాశారు. యంత్రాన్ని ఒంటరిగా కొలిస్తే చాలదనీ, దాన్ని ఎవరు, ఏ పనికి, ఎలాంటి పరిస్థితిలో వాడుతున్నారో ఆ మొత్తం ఏర్పాటును కొలవాలనీ ఆ పుస్తకం పట్టుబడుతుంది. సారాంశాలు రాసే యంత్రాల మీద 1999లో ఆమె చేసిన విశ్లేషణదీ ఇదే వరస: మూలం ఎలాంటిది, సారాంశం ఎందుకు, ఏ రూపంలో కావాలి అన్నవి తేల్చకుండా సారాంశం బాగుందనడం అర్థం లేని మాట. తాను పునాది వేసిన ట్రెక్‌ను సైతం ఆమె విడిచిపెట్టలేదు. అక్కడి పరీక్షలు వాడుకరి సందర్భాన్ని పక్కన పెడుతున్నాయని 2006లో నేరుగా రాశారు.

కృత్రిమ మేధ పరిశోధకుల్లో చాలామందికి ఒకప్పుడు శోధన మీద పని గ్రంథాలయ గుమాస్తా వ్యవహారంగా కనిపించేది. అర్థమైతే తప్ప భాషతో పని జరగదనీ, అర్థం కావాలంటే లోకజ్ఞానాన్ని నియమాలుగా యంత్రంలోకి చేత్తో ఎక్కించాలనీ వారి వాదం. మామూలు పదాలు, వాటి లెక్కలు ఎంత దూరం తీసుకెళ్లగలవో పరీక్షల ఫలితాలతోనే చూపి, 1999లో ఆమె ఆ వాదాన్ని ఎదుర్కొన్నారు. వెబ్ పేజీలన్నిటికీ అర్థవర్గాల గుర్తులు తగిలిస్తే శోధన సమస్య తీరుతుందన్న ఉత్సాహాన్ని 2004లో ప్రశ్నించారు. గ్రంథాలయ వర్గీకరణ చరిత్ర తెలిసినవారికి ఆమె అనుమానం కొత్త కాదు. క్లెవర్డన్ మొదటి ప్రయోగం 18,000 పత్రాలు, 1,200 ప్రశ్నలతో నాలుగు సూచికా పద్ధతులను పోల్చింది. వాటిలో మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఆలోచనల ప్రభావంతో రూపొందిన ముఖ వర్గీకరణ ఒకటి. నాలుగింటి ఫలితాల మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. ఎంతో శ్రమతో కట్టిన వర్గాలు వాటంతట అవే గెలుస్తాయన్న నమ్మకానికి అక్కడే దెబ్బ తగిలింది.

ఇక లోకం ఆమెను మరిచిపోయిందన్న మాట. ఏ లోకం? శోధన పరిశోధకులు 1988లో ఆమెకు సాల్టన్ పురస్కారం ఇచ్చారు. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ సంఘం 1994లో అధ్యక్షురాలిని చేసింది, 2004లో జీవితకాల పురస్కారంతో సత్కరించింది. 1995లో బ్రిటిష్ అకాడమీ ఫెలోషిప్, 2007లో లవ్‌లేస్ పతకం వచ్చాయి. ఆ పతకం అందుకున్న తొలి మహిళ ఆమే. 2007 ఏప్రిల్ 4న ఆమె కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచే ఆమె పేరిట యువ పరిశోధకులకు పురస్కారం ఉంది. తోటివారి గౌరవం ఆమెకు ఎన్నడూ కొరవడలేదు.

కొరవడినది ఉద్యోగం. ఆమె వృత్తిజీవితంలో అత్యధిక భాగం గడువు తీరే గ్రాంట్లు, ఫెలోషిప్పుల మీదే నడిచింది. రీడర్ హోదా 1994లో, ప్రొఫెసర్ హోదా 1999లో దక్కాయి. 2002లో పదవీ విరమణ. 1958 నాటి పత్రంలో సహరచయిత, జీవిత సహచరుడు నీధమ్ అదే కేంబ్రిడ్జిలో 1981లో ప్రొఫెసర్ అయ్యారు, 1980 నుంచి 1995 దాకా కంప్యూటర్ ప్రయోగశాలను నడిపారు. ఆయన ప్రతిభను శంకించే పని లేదు, ఆయన రంగమూ తర్వాత వేరైంది. అయినా పద్దెనిమిదేళ్ల ఎడం ఎడమే. కేంబ్రిడ్జి మహిళలకు పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో, ఆమె గర్టన్‌లో అడుగుపెట్టడానికి అయిదేళ్ల ముందు మాత్రమే. దీనికి ‘మరుపు’ అని పేరు పెడితే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. జ్ఞాపకం చేసుకుంటే దిద్దుబాటు అయిపోయినట్టు తోస్తుంది. కంప్యూటర్ రంగంలోకి మరింతమంది మహిళలు రావాలని చివరి దాకా ఆమె చేసిన ప్రచారం జ్ఞాపకాల కోసం చేసినది కాదు. ఆ రంగం పురుషుల చేతుల్లోనే వదిలేయడానికి వీల్లేనంత ముఖ్యమైనదని ఆమె అనేవారు. అడిగినది స్థానాలు.

నాడీజాల నమూనాల రాకతో ఆమె పని పాతబడిందన్న మాట ఇటీవల వినవస్తోంది. సూత్రం ఒక్కటే ఆమె పని అనుకునేవారికి అది సహజంగానే తోస్తుంది. 2021లో బీర్ అనే పరీక్ష 18 సంచికల మీద శోధన పద్ధతులను పోల్చింది. ఒక రకం సమాచారం మీద శిక్షణ పొందిన నమూనాలు కొత్త రకం సంచికల్లోకి వచ్చేసరికి వాటిలో పలు నమూనాలు బీఎం25 కన్నా వెనకబడ్డాయి. ఈ ఫలితంలో సూత్రం నిలిచినందుకు సంతోషించడం కన్నా, ఒక సంచిక మీది గెలుపు మరో సంచికలో చెల్లకపోవచ్చని మళ్లీ తేలడాన్ని గమనించాలి. 1970లలో సొంత పద్ధతి మీద ఆమె వేసిన ప్రశ్న అదే. రేపు బీఎం25 అన్ని చోట్లా ఓడిపోయినా, ఓడిపోయిందని చెప్పే తూనిక ఆమె పరంపరలోంచి వచ్చినదే అయి ఉంటుంది.

ఒక సంచిక మీది ఫలితం మరోచోట చెల్లకపోవచ్చన్న సంగతిని తెలుగు శోధన స్పష్టంగా చూపుతుంది. పైన చెప్పిన సూత్రాన్ని తెలుగు వ్యాసాల మీద ఉన్నదున్నట్టు నడిపితే ‘పంట’, ‘పంటను’, ‘పంటకు’, ‘పంటలో’, ‘పంటలపై’ వేర్వేరు పదాలుగా లెక్కకు వస్తాయి. ప్రతి రూపమూ అరుదైనదిగా కనిపించి, లేని ప్రాముఖ్యం సంపాదించుకుంటుంది. సంధి కలిసిన చోట మాట సరిహద్దే చెరిగిపోతుంది. విభక్తులను ఎంతవరకు ఊడదీయాలి, సమాసాలను విరవాలా వద్దా అన్నవి ఇంగ్లీషు సంచికల మీద తేలే ప్రశ్నలు కావు. ప్రశ్నలు, పత్రాలు, మనుషుల తీర్పులు ఉన్న సంచిక తెలుగులో ఉంటేనే వాటికి జవాబు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2006లో హిందీ, తెలుగు ప్రశ్నలతో ఇంగ్లీషు పత్రాలను వెతికే ప్రయోగాన్ని యూరప్‌లోని క్లెఫ్ పరీక్షలో నిలిపారు. భారతీయ భాషల శోధన కోసం 2008లో కోల్‌కతా కేంద్రంగా ఫైర్ అనే పరీక్షా వేదిక మొదలైంది. రెండింటిలోనూ నిర్మాణం ట్రెక్‌దే: అందరికీ ఒకే సంచిక, ఒకే ప్రశ్నలు, పోగుచేసిన పత్రాలపై మనుషుల తీర్పులు.